కేఎగ్జెక్ ప్యాచ్‌లు రివ్యూ చేసేటప్పుడు అసలు ఏం చూడాలి?

మీ ప్రశ్న టూకీగా ఇదీ: ఇన్నేళ్లూ డ్రైవర్లు రాశారు, ఇప్పుడు మీ టీమ్ కెర్నల్‌లో కేఎగ్జెక్‌కి (నడుస్తున్న కెర్నల్‌లోంచి నేరుగా కొత్త కెర్నల్‌లోకి దూకే సదుపాయానికి) వచ్చే ప్యాచ్‌లు రివ్యూ చేసే పని మీ మీద పడింది. డిఫ్ చూస్తే ఇరవై ముప్ఫై లైన్లే ఉంటోంది, చదివితే అంతా సరిగ్గానే అనిపిస్తోంది, అయినా ఓకే చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఏమేం చూడాలి, ఎంత టెస్ట్ చేస్తే చాలు, తెలియని ఆర్కిటెక్చర్ కోడ్ వస్తే ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ప్రతి లైను దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ లైను నడిచే సమయానికి మెషీన్‌లో ఇంకా ఏమేం పనిచేస్తున్నాయి? ఇది నడిచాక కొత్త కెర్నల్‌కి ఏం మిగులుతోంది? కోడ్ లాజిక్ తప్పులు ఎవరైనా పట్టేస్తారు, కంపైలర్ కొన్ని పడుతుంది. కేఎగ్జెక్‌లో కొంప ముంచేవి అవి కావు. తప్పు పాత కెర్నల్‌లో జరుగుతుంది, దెబ్బ కొత్త కెర్నల్‌కి తగులుతుంది, అది కూడా అప్పుడే కాదు, బూట్ అయి లాగిన్ ప్రాంప్ట్ వచ్చి పది నిమిషాలు గడిచాక. అప్పటికి తప్పు చేసిన కోడ్ మెమరీలో ఉండదు, లాగ్ ఉండదు, స్టాక్ ట్రేస్‌లో కనిపించే ఫంక్షన్‌కి పాపం ఏ సంబంధమూ ఉండదు. అందుకే ఇక్కడ డీబగ్గింగ్ కంటే రివ్యూ చవక అని గట్టిగా నమ్ముతాను.

కేఎగ్జెక్ తెలియనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. మామూలు రీబూట్‌లో మెషీన్ ఫర్మ్‌వేర్ దాకా వెళ్లి, మెమరీనీ డివైస్‌లనీ మొదటినుంచి సిద్ధం చేసుకుని, బూట్‌లోడర్ మీదుగా కెర్నల్‌కి వస్తుంది. ఎక్కువ మెమరీ ఉన్న సర్వర్లలో ఇదంతా నిమిషాల పని. కేఎగ్జెక్‌లో అయితే నడుస్తున్న కెర్నలే కొత్త కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కించుకుని నేరుగా అందులోకి దూకేస్తుంది. లినక్స్‌లోకి ఇది 2005లో 2.6.13తో వచ్చింది. కెర్నల్ క్రాష్ అయినప్పుడు మెమరీ డంప్ తీసే కేడంప్ కూడా దీని మీదే ఆధారపడుతుంది. మధ్యలో ఫర్మ్‌వేర్ లేకపోవడం వల్లే టైమ్ కలిసొస్తుంది, చిక్కులన్నీ కూడా అందువల్లే. ఫర్మ్‌వేర్ రీసెట్ చేసి ఇచ్చేవన్నీ ఇప్పుడు పాత కెర్నలే సర్దిపెట్టి వెళ్లాలి.

ప్యాచ్ చేతికి రాగానే నేను మొదట చేసే పని, అది ఏ దశలో నడిచే కోడో తేల్చుకోవడం. కొత్త కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కించే దశా, డివైస్‌లూ మిగతా సీపీయూలూ ఆపే దశా, చివరికి దూకే దశా, లేకపోతే పానిక్ (కెర్నల్ ఇక నడవలేక చేతులెత్తేయడం) తర్వాత నడిచే క్రాష్ దారా? ఒకే ఫంక్షన్ మామూలు దారిలోనూ క్రాష్ దారిలోనూ పిలవబడుతుంటే ఆ ప్యాచ్‌కి రెట్టింపు టైమ్ పెట్టండి. చాలామంది మామూలు రీబూట్ దారిని మనసులో పెట్టుకుని రాస్తారు, అదే ఫంక్షన్ పానిక్ నుంచి ఎన్‌ఎంఐ (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) కాంటెక్స్ట్‌లో కూడా నడుస్తుందని వాళ్లకి తట్టదు.

ఎక్కించే దశ. ఇది నాలుగింటిలో తేలికైనది. ఇక్కడ కెర్నల్ పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది, నిద్రపోవచ్చు, మెమరీ అడగొచ్చు, ఎర్రర్ వస్తే వెనక్కి తిరగొచ్చు. మీ డ్రైవర్ అనుభవం అంతా ఇక్కడ పనికొస్తుంది. యూజర్ ఇచ్చిన సెగ్మెంట్ల (మెమరీలోకి ఎక్కించాల్సిన ముక్కల) పట్టిక మీద కెర్నల్ చేసే తనిఖీలు ఉన్నాయి: సెగ్మెంట్లు 16కి మించకూడదు, చిరునామాలు పేజీ హద్దుల్లో ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు, మొదలు చిరునామాకి సైజు కలిపితే విలువ చుట్టుతిరిగి చిన్నది కాకూడదు, మొత్తం కలిపి మెషీన్ మెమరీలో సగం దాటకూడదు. ప్యాచ్ వీటిలో ఏ ఒక్కదాన్నైనా సడలిస్తుంటే ఎందుకో కమిట్ మెసేజ్‌లో ఉండాల్సిందే. ఎర్రర్ దారుల్లో బఫర్లు వదిలేయడం ఇక్కడ తరచూ కనిపించే లోపం, ఎందుకంటే ఇమేజ్‌ని విడుదల చేసే కోడ్ ఒక చోట, ఆర్కిటెక్చర్ ప్రకారం కేటాయించే కోడ్ ఇంకో చోట ఉంటాయి.

ఈ దశలో ఒక్క చోట మాత్రం ఆగి కాగితం పెన్ను తీసుకోండి. కొత్త కెర్నల్ ఫలానా భౌతిక చిరునామాలో కూర్చోవాలి, కానీ అక్కడ ఇప్పుడు పాత కెర్నల్ సామానే ఉంది. కాబట్టి ముందు దొరికిన పేజీల్లో దాచిపెట్టి, చివరి క్షణంలో అసలు చోటికి కాపీ చేస్తారు. అలా దాచడానికి దొరికిన పేజీ తానే ఇంకో పేజీకి గమ్యస్థానం అయితే? కాపీ మొదలయ్యాక ముందు వచ్చిన డేటా దాన్ని తుడిచేస్తుంది. పేజీ కేటాయించే ఫంక్షన్‌లో మెలికంతా ఇందుకే. దొరికిన పేజీ ఎవరి గమ్యమూ కాకపోతే తీసుకుంటుంది, తన గమ్యమే అయితే ఇంకా మంచిది, వేరే పేజీ గమ్యమై అక్కడికి రావాల్సిన డేటా ఇప్పటికే ఎక్కడో దాచి ఉంటే ఆ డేటాని దాని గమ్యానికి చేర్చి, అది దాచిన పేజీని బదులుగా తీసుకుంటుంది. "ఈ లూప్ చిక్కుగా ఉంది, సులువు చేశాను" అంటూ వచ్చే ప్యాచ్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మెమరీ ఖాళీగా ఉన్న మెషీన్‌లో అవి ఎప్పుడూ ఫెయిల్ కావు, ఎందుకంటే అక్కడ పేజీలు ఢీకొనే అవకాశమే తక్కువ. మెమరీ దాదాపు నిండిన మెషీన్‌లో టెస్ట్ చేసి చూపించమని అడగండి.

సెక్యూరిటీ సంగతి కూడా ఈ దశలోనే వస్తుంది. కొత్త కెర్నల్‌ని ఎక్కించమని అడిగే పాత సిస్టమ్ కాల్‌లో ఏ సెగ్మెంట్‌లో ఏముండాలో యూజర్ స్పేసే నిర్ణయిస్తుంది, కాబట్టి రూట్ అధికారం ఉన్న ఎవరైనా సంతకం లేని కెర్నల్‌లోకి దూకొచ్చు, సంతకం ఉన్న కోడ్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కి అర్థమే ఉండదు. అందుకే 2014లో 3.17తో ఫైల్ డిస్క్రిప్టర్ తీసుకునే రెండో సిస్టమ్ కాల్ వచ్చింది, సంతకాన్ని కెర్నలే తనిఖీ చేస్తుంది. 2019లో 5.4లో వచ్చిన లాక్‌డౌన్ (రూట్‌ని కూడా కెర్నల్‌ని మార్చనివ్వని మోడ్) ఆన్‌లో ఉంటే పాత దారి మూసుకుపోతుంది. ప్యాచ్ ఏ రూపంలోనైనా తనిఖీ అయిన బఫర్‌ని వదిలి ఫైల్‌ని మళ్లీ చదువుతోందా అన్నది చూడండి. తనిఖీకీ వాడకానికీ మధ్య మారే వీలుంటే ఆ సంతకానికి విలువ లేనట్టే. ఇంకోటి, ఆ సంతకం కెర్నల్ ఇమేజ్‌కి మాత్రమే. ఇనిట్‌ఆర్‌డీకి (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌కి) గానీ కమాండ్ లైన్‌కి గానీ అది వర్తించదు. వాటికీ రక్షణ ఉన్నట్టు కమిట్ మెసేజ్ చెప్తుంటే ఒప్పుకోకండి.

ఆపే దశ. నేను ఎక్కువ టైమ్ గడిపేది ఇక్కడే, మీ డ్రైవర్ అనుభవానికి అసలు విలువ కూడా ఇక్కడే. కేఎగ్జెక్ రీబూట్‌లో కెర్నల్ డివైస్‌ల పట్టికని చివరినుంచి మొదటికి నడిచి ఒక్కొక్క డ్రైవర్ షట్‌డౌన్ కాల్‌బ్యాక్‌ని పిలుస్తుంది. డ్రైవర్‌ని తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ కాల్‌బ్యాక్‌ని పిలవదు. డ్రైవర్ రాసేవాళ్లలో చాలామంది రిమూవ్ శ్రద్ధగా రాసి షట్‌డౌన్ వదిలేస్తారు, మామూలు రీబూట్‌లో ఫర్మ్‌వేర్ అన్నీ రీసెట్ చేసేస్తుంది కాబట్టి ఆ లోటు ఏళ్ల తరబడి బయటపడదు. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్లు కుళాయి తిప్పేసి వెళ్తే, తడిసేది కొత్తగా దిగినవాళ్ల సామానే కదా. డీఎంఏ, అంటే సీపీయూ ప్రమేయం లేకుండా డివైస్ నేరుగా మెమరీలో రాయడం, అచ్చం అలాగే ఉంటుంది. డివైస్‌కి కెర్నల్ మారిందని తెలియదు, పాత కెర్నల్ ఇచ్చిన చిరునామాల్లోనే రాస్తూ పోతుంది.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. ఆర్మ్ బోర్డ్, చిప్‌లోనే ఉన్న ఈథర్‌నెట్. కేఎగ్జెక్ అయ్యాక కొత్త కెర్నల్ చక్కగా లేచేది, ఆ తర్వాత ఎప్పుడో, ఎక్కడో పడిపోయేది. ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి షెడ్యూలర్‌లో, ఒకసారి ఏ తప్పూ లేని ఒక టైమర్‌లో. పాడైన పేజీని హెక్స్‌లో డంప్ తీసి చూస్తే వరసగా ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వెనక ఆరు బైట్లు, ఆ తర్వాత 08 06, దాని వెనక 00 01 08 00. నెట్‌వర్క్ మీద పనిచేసినవాళ్లు ఇది చూడగానే గుర్తుపడతారు, అది ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్, ఫలానా ఐపీ అడ్రస్ ఎవరిదని నెట్‌వర్క్ అంతటినీ అడిగేది. మధ్యలోని ఆరు బైట్లు అదే ల్యాబ్‌లో ఇంకో మెషీన్ మ్యాక్ అడ్రస్. అంటే పాత కెర్నల్ పెట్టిన రిసీవ్ రింగ్ (వచ్చిన ప్యాకెట్లు పడే బఫర్ల వరస) ఇంకా పనిచేస్తోంది, పక్క మెషీన్ ఏఆర్‌పీ అడిగినప్పుడల్లా ఆ ప్యాకెట్ కొత్త కెర్నల్ మెమరీలో ఎక్కడో పడుతోంది. నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తే సమస్య మాయం. డ్రైవర్ తెరిచి చూస్తే రిమూవ్ ఉంది, షట్‌డౌన్ లేదు.

అదే పీసీఐ కార్డ్ అయితే ఇంత దూరం వచ్చేది కాదేమో. కేఎగ్జెక్ జరుగుతున్నప్పుడు పీసీఐ బస్ కోడ్ తానే, డివైస్‌ని మెమరీలో రాయనిచ్చే బస్ మాస్టర్ బిట్ తీసేస్తుంది, దాంతో డీఎంఏ ఆగుతుంది. చిప్‌లో ఉన్న ప్లాట్‌ఫామ్ డివైస్‌లకి ఆ గొడుగు లేదు. అందుకని డ్రైవర్ ప్యాచ్ చూసేటప్పుడు ఆ డివైస్ ఏ బస్ మీద ఉందో కూడా చూడండి. ఐఓఎంఎంయూ (డివైస్ ఏ మెమరీని తాకొచ్చో అదుపు చేసే హార్డ్‌వేర్) ఉందిగా అదే కాపాడుతుందిలే అన్న వాదన కూడా వస్తుంది, కొత్త కెర్నల్ ఐఓఎంఎంయూని ఏ స్థితిలో అందుకుంటోందో, మధ్యలో ఎంతసేపు అది ఆఫ్‌లో ఉంటుందో చెప్పకుండా ఆ వాదన నిలబడదు.

షట్‌డౌన్‌ని వేగం చేసే ప్యాచ్‌లు ఈ మధ్య బాగా వస్తున్నాయి. సహజమే, కేఎగ్జెక్ వాడేదే టైమ్ ఆదా కోసం. ఒక డివైస్‌ని ఆపకుండా దాటేస్తే ఇన్ని మిల్లీసెకన్లు మిగిలాయని లెక్క చూపిస్తారు. అలాంటి ప్యాచ్‌కి నేను అడిగేది ఒక్కటే: ఆ డివైస్ ఇక మెమరీలో రాయదని, ఇంటరప్ట్ పంపదని ఎలా తెలుసు? జవాబు డేటాషీట్‌లోంచి రావాలి. "టెస్ట్‌లో ఏమీ కాలేదు" అన్నది ఇక్కడ జవాబు కిందకి రాదు.

ఇప్పుడు మిగతా సీపీయూల సంగతి. దీనికి నేను అందరికీ చూపించే ఉదాహరణ 2023లో ఎక్స్86లో సరిచేసిన ఒక బగ్. ఆఫ్‌లైన్ చేసిన సీపీయూలని ఎమ్‌వెయిట్ ఇన్‌స్ట్రక్షన్‌తో నిద్రపుచ్చుతారు. ఆ నిద్ర ఒక క్యాష్ లైన్‌ని కనిపెట్టుకుని ఉండే నిద్ర, ఆ లైన్‌లో ఎవరైనా రాస్తే సీపీయూ లేస్తుంది. కేఎగ్జెక్ జరిగాక కొత్త కెర్నల్ మెమరీని తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంటుంది కదా, ఏదో ఒక క్షణంలో సరిగ్గా ఆ లైన్‌లో రాస్తుంది. సీపీయూ లేస్తుంది, లేచి తన పాత కోడ్ ఉండాల్సిన చోట నడక మొదలుపెడుతుంది. అక్కడ ఇప్పుడు పాత కోడ్ లేదు, పేజీ టేబుళ్లు (వర్చువల్ చిరునామాని భౌతిక చిరునామాగా మార్చే పట్టికలు) లేవు, స్టాక్ లేదు. అదృష్టం బాగుంటే ట్రిపుల్ ఫాల్ట్ (సీపీయూ కోలుకోలేని లోపం) వచ్చి మెషీన్ రీసెట్ అవుతుంది, బాగోకపోతే చప్పుడు లేకుండా డేటా పాడవుతుంది. మొదటి విడతగా, కేఎగ్జెక్‌కి ముందు ఆ సీపీయూలని ఎమ్‌వెయిట్‌లోంచి లేపి హాల్ట్‌లోకి పంపేలా మార్చారు. గమనించాల్సింది ఏమిటంటే ఆ నిద్రపుచ్చే కోడ్ కేఎగ్జెక్ డైరెక్టరీల్లో ఎక్కడా లేదు. దాన్ని రాసినప్పుడు రివ్యూ చేసినవాళ్లు సీపీయూ హాట్‌ప్లగ్ గురించి ఆలోచించారు, అది వాళ్ల తప్పని అనలేం. మీరు కేఎగ్జెక్ చూసుకునే మనిషి కాబట్టి, సీపీయూ ఆఫ్‌లైన్, ఐఓఎంఎంయూ, ఇంటరప్ట్ కంట్రోలర్ ప్యాచ్‌లు కూడా మీ కంటపడేలా ఏర్పాటు చేసుకోండి.

దూకే దశ. "కొత్త కెర్నల్ మొదలవుతోంది" అన్న మెసేజ్ తర్వాత కాసేపటికే మామూలు సి కోడ్ నియమాలన్నీ ఒక్కొక్కటిగా చెల్లకుండా పోతాయి. 64 బిట్ ఎక్స్86నే తీసుకుంటే, ఇంటరప్ట్‌లు ఆగుతాయి, సెగ్మెంట్ రిజిస్టర్లు మారిపోతాయి, జీఎస్ రిజిస్టర్ ఖాళీ అవుతుంది. జీఎస్ లేకపోతే పర్-సీపీయూ డేటా (ఒక్కో సీపీయూకి విడిగా ఉండే డేటా) లేదు, స్టాక్ పాడైందేమో చూసే స్టాక్ ప్రొటెక్టర్ లేదు. అక్కడ ఎవరైనా అమాయకంగా ఒక ప్రింట్ లైను పెడితే, లేదా ఒక చిన్న హెల్పర్ ఫంక్షన్ పిలిస్తే, చూడ్డానికి డిఫ్‌లో ఏ తప్పూ ఉండదు, కానీ కంపైలర్ ఆ ఫంక్షన్‌లో చేర్చిన స్టాక్ తనిఖీ జీఎస్ మీంచి చదవబోయి అక్కడే కూలుతుంది. అందుకని ఈ దశ ప్యాచ్‌లకి సి కోడ్ చదివి సరిపెట్టుకోకండి, కంపైల్ చేసి డిస్‌అసెంబ్లీ చూడండి. ట్రేసింగ్, కసాన్ (మెమరీ తప్పులు పట్టే తనిఖీ), స్టాక్ ప్రొటెక్టర్, కంట్రోల్ ఫ్లో తనిఖీలు అన్నీ ఆన్ చేసిన కాన్ఫిగ్‌తో ఒకసారి, అన్నీ ఆఫ్ చేసి ఒకసారి చూడాలి. జీసీసీతోనూ క్లాంగ్‌తోనూ చూడాలి.

పేజీలని అసలు చోట్లకి కాపీ చేసే అసెంబ్లీ కోడ్ ఇంకా సున్నితం. అది తానున్న చోటినుంచి వేరే పేజీకి కాపీ అయి అక్కడ నడుస్తుంది, స్టాక్ కూడా తన కంట్రోల్ పేజీ చివర్లోనే పెట్టుకుంటుంది. 2022లో రెట్‌బ్లీడ్ అనే ప్రాసెసర్ సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు కెర్నల్ అంతటా రిటర్న్ ఇన్‌స్ట్రక్షన్లని ఒక రక్షణ థంక్‌కి (చిన్న కోడ్ ముక్కకి) దూకేలా మార్చారు. ఈ ఫైల్‌లో మాత్రం ఉత్త రిటర్నే ఉండాలి, ఎందుకంటే కాపీ అయిన చోటినుంచి ఆ థంక్‌కి దూరం లెక్క తప్పుతుంది, పైగా కాసేపట్లో ఆ థంక్ ఉన్న మెమరీ మీదే కొత్త కెర్నల్ కూర్చుంటుంది. కెర్నల్ మొత్తానికి చేసే ఇలాంటి మూకుమ్మడి మార్పులు వచ్చినప్పుడల్లా ఈ ఒక్క ఫైల్‌ని విడిగా తెరిచి చూడటం నాకు అలవాటు.

పర్గటరీ కూడా ఇదే కోవ. పాత కెర్నల్‌కీ కొత్త కెర్నల్‌కీ మధ్య నడిచే చిన్న ప్రోగ్రామ్ అది, సెగ్మెంట్ల ఎస్‌హెచ్‌ఏ-256 (డేటా మారిందేమో చెప్పే హ్యాష్) సరిపోయిందో లేదో చూసి ముందుకు పంపుతుంది. సరిపోకపోతే? ఎక్స్86లో అంతులేని లూప్‌లో కూర్చుంటుంది, ఏ మెసేజూ రాదు. స్క్రీన్ మీద ఏమీ లేకుండా మెషీన్ బిగుసుకుపోతే నేను ముందు అనుమానించేది ఇదే, ఎక్కించడానికీ దూకడానికీ మధ్య ఎవరో ఆ మెమరీలో చెయ్యి పెట్టారని. పర్గటరీకి కెర్నల్ సింబల్స్ ఏవీ అందవు, విడిగా లింక్ అవుతుంది, కాబట్టి దాని మేక్‌ఫైల్‌లో తీసేసే కంపైలర్ ఫ్లాగ్‌ల పట్టిక కోడ్ అంత ముఖ్యం. 2023లో ఒక సమస్య సరిగ్గా ఇక్కడే వచ్చింది. ప్రొఫైల్ ఆధారంగా ఆప్టిమైజ్ చేసే కంపైలర్ ఫ్లాగ్‌తో కట్టినప్పుడు పర్గటరీలో ఒకటి కన్నా ఎక్కువ టెక్స్ట్ సెక్షన్లు వచ్చాయి, ఒక్కటే ఉంటుందనుకున్న లోడర్ కోడ్ ప్రవేశ చిరునామాని తప్పు లెక్కేసింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండా బిల్డ్ ఫ్లాగ్ మారితే చాలు, కేఎగ్జెక్ ఆగిపోయింది. బిల్డ్ సిస్టమ్ ప్యాచే కదా అని వదిలేయకండి.

మెమరీ ఎన్‌క్రిప్షన్ ఉన్న మెషీన్లలో క్యాష్ సంగతి కూడా పట్టించుకోండి. ఏఎమ్‌డీ మెమరీ ఎన్‌క్రిప్షన్ అయిన ఎస్ఎంఈలో ఒకే భౌతిక చిరునామా ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలో ఒకసారి, మామూలు రూపంలో ఒకసారి, రెండు వేరే క్యాష్ లైన్లుగా ఉండొచ్చు. పాత కెర్నల్ వదిలిన మురికి లైన్ (ఇంకా మెమరీలోకి రాయని క్యాష్ డేటా) తర్వాత ఎప్పుడో మెమరీలోకి దిగితే కొత్త డేటా మీద పాత డేటా పడుతుంది. అందుకే దూకేముందు క్యాష్ మొత్తం ఖాళీ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది. "ఇది నెమ్మది, తీసేద్దాం" అన్న ప్యాచ్ వస్తే ఎవరికి తీసేస్తున్నారో, ఏ షరతు మీద తీసేస్తున్నారో అక్షరం అక్షరం చదవండి.

క్రాష్ దారి గురించి తక్కువలో చెప్తాను, నియమం ఒక్కటే కాబట్టి. పానిక్ అయ్యాక ఏ లాక్ ఎవరి చేతిలో ఉందో తెలియదు, ఏ డేటా నిర్మాణం సగంలో ఆగిందో తెలియదు. కాబట్టి లాక్ కోసం ఎదురుచూడకూడదు, మెమరీ అడగకూడదు, డివైస్ షట్‌డౌన్‌లు పిలవకూడదు, చేయగలిగినంత తక్కువ చేసి, ముందే పక్కన పెట్టిన మెమరీలో ఉన్న క్రాష్ కెర్నల్‌లోకి వెళ్లిపోవాలి. ఎన్నేళ్లుగానో ఇక్కడ ఒక మ్యూటెక్స్ ట్రైలాక్ (లాక్ దొరికితే తీసుకుని, దొరక్కపోతే వెంటనే వెనక్కి వచ్చేది) ఉండేది. ఎదురుచూడదు కదా, బాగానే ఉందనిపిస్తుంది, కానీ మ్యూటెక్స్‌ని ఎన్‌ఎంఐలో తాకడమే నియమ విరుద్ధం, లోపల దానికి తన సొంత స్పిన్‌లాక్ ఉంది. 2022లో దాన్ని తీసేసి అటామిక్ వేరియబుల్ (లాక్ లేకుండా ఒకే అడుగులో మారేది) పెట్టారు. క్రాష్ దారిలో "డంప్ ఇంకాస్త సమాచారంతో ఉంటే బాగుంటుంది" అని కోడ్ చేర్చే ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి, ఉద్దేశం మంచిదే, కానీ ఆ అదనపు సమాచారం కోసం అసలు డంపే రాకుండా పోయే అవకాశం ఎంతో అడగాలి. వీలైతే ఆ పని క్రాష్ కెర్నల్ లేచాక చేయించండి.

ఇక కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది, రెండు కెర్నళ్ల వెర్షన్లు ఒకటే కానక్కర్లేదు. ప్యాచ్ రాసినవాళ్లు తమ ట్రీలో కట్టిన కెర్నల్‌లోంచి అదే కెర్నల్‌లోకి దూకి చూసి, పని చేసిందంటారు. వాడేవాళ్లు 6.1లోంచి 6.12కి వెళ్తారు, ఏదో తేడా కొడితే 6.12లోంచి 6.1కి తిరిగొస్తారు. ఈ వెనక్కి రావడాన్నే ఎవరూ టెస్ట్ చేయరు, ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి అవసరం పడేది మాత్రం అదే. పాత కెర్నల్‌కి తెలియని విషయం కొత్తది అందిస్తే ఏమవుతుందో ప్యాచ్‌లో జవాబు ఉండాలి. ఐదంచెల పేజీ టేబుళ్లు మంచి ఉదాహరణ. ఐదంచెలతో నడుస్తున్న కెర్నల్, వాటి గురించి తెలియని పాత కెర్నల్‌లోకి దూకబోతే అది మొదటి అడుగులోనే కూలుతుంది. అందుకే ఎక్స్86 కెర్నల్ ఇమేజ్ హెడర్‌లో ఆ సామర్థ్యం చెప్పే ఫ్లాగ్ పెట్టారు, ఎక్కించేటప్పుడే చూసి వద్దంటారు. ఎక్కించేటప్పుడు కాదనడం ఎప్పుడూ మేలు, దూకాక కాదనడానికి ఎవరూ మిగలరు.

ఫర్మ్‌వేర్‌తో ఒక్కసారే చేయగలిగే పనులు కూడా ఇందులోకే వస్తాయి. ఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్‌లో వర్చువల్ చిరునామాల మ్యాప్‌ని ఒక్కసారే అమర్చగలం. మొదటి కెర్నల్ అమర్చేశాక రెండోది మళ్లీ అమర్చలేదు, కాబట్టి ఎక్స్86లో పాత కెర్నల్ ఆ మ్యాప్‌ని సెటప్ డేటా (బూట్ సమయంలో కెర్నల్‌కి అందే సమాచారం) ద్వారా చేతికందించాలి. ఆర్మ్ 64లో ఇంటరప్ట్ కంట్రోలర్ పెండింగ్ టేబుళ్లదీ ఇదే తీరు. కొన్ని హార్డ్‌వేర్‌లలో ఒకసారి ఆన్ చేశాక ఆఫ్ చేయడం కుదరదు, ఆ మెమరీ పేజీలని తర్వాతి కెర్నళ్లన్నీ ముట్టుకోకుండా ఉండాలి, ఆ సంగతి ఈఎఫ్‌ఐ టేబుల్ ద్వారా ఒక కెర్నల్ నుంచి ఇంకోదానికి అందుతూ పోవాలి. ఇలా అందించే గొలుసుని తాకే ప్యాచ్ ఏదైనా సరే, ఒక్కసారి దూకించి టెస్ట్ చేసి వదలకండి, వరసగా దూకిస్తూనే ఉండండి. మొదటిసారి అందిన సమాచారం రెండోసారి కూడా అందుతోందా, లేక రిజర్వ్ చేసిన మెమరీ ప్రతిసారీ పెరుగుతూ పోతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

2025లో 6.16తో వచ్చిన కేఎగ్జెక్ హ్యాండోవర్‌తో ఈ బాధ్యత ఇంకా పెరిగింది. ఇప్పుడు పాత కెర్నల్ కావాలనే కొన్ని మెమరీ పేజీలని చెక్కుచెదరకుండా కొత్తదానికి అప్పగిస్తుంది, వాటి వివరాలు డివైస్ ట్రీ (చెట్టులా అమర్చిన వివరాల పట్టిక) రూపంలో ఇస్తుంది, కొత్త కెర్నల్ ఆ పేజీలు ఏవో తెలుసుకునే దాకా విడిగా పెట్టిన స్క్రాచ్ మెమరీలోంచే వాడుకుంటుంది. ఇక్కడికి వచ్చే ప్యాచ్‌లో డేటా నిర్మాణం ఏదైనా అప్పగిస్తుంటే, దాని పక్కన వెర్షన్ చెప్పే కంపాటిబుల్ స్ట్రింగ్ ఉందా, ఆ నిర్మాణంలో ఫీల్డ్ మారితే స్ట్రింగ్ కూడా మారుతోందా, గుర్తుపట్టని స్ట్రింగ్ వస్తే కొత్త కెర్నల్ గౌరవంగా వద్దంటోందా చూడండి. కెర్నల్ లోపలి స్ట్రక్చర్‌ని ఉన్నదున్నట్టు అప్పగిస్తుంటే నేను వెంటనే ఆపమంటాను. దాని అమరిక కాన్ఫిగ్‌ని బట్టి కూడా మారిపోతుంది.

టెస్టింగ్ ఎంత చాలు అన్నారు. నా కనీసం ఇదీ: క్యూఈఎమ్‌యూ అనే వర్చువల్ మెషీన్‌లో వరసగా లూప్‌లో, సీపీయూలు కొన్ని ఆఫ్‌లైన్ చేసి, మెమరీ దాదాపు నింపి, వెనక్కీ ముందుకీ వేరే వెర్షన్లతో. నెట్‌వర్క్ మీదా డిస్క్ మీదా గట్టి లోడ్ నడుస్తుండగా దూకాలి, ఖాళీగా ఉన్న మెషీన్‌లో దూకితే డీఎంఏ తప్పులు బయటపడవు. కొత్త కెర్నల్ లేచాక వెంటనే మళ్లీ దూకకుండా కాసేపు మెమరీ మొత్తం వాడించి చూడాలి. క్రాష్ దారి కోసం సిస్‌ఆర్‌క్యూ సి (కావాలని క్రాష్ చేయించే కమాండ్) ఒక్కటే చాలదు, అది శుభ్రమైన కాంటెక్స్ట్‌లో వచ్చే పానిక్, ఇంటరప్ట్‌లో, ఎన్‌ఎంఐలో కూడా పానిక్ చేయించాలి. ఆ తర్వాత కనీసం ఒక నిజమైన మెషీన్. క్యూఈఎమ్‌యూ డివైస్‌లు మరీ మర్యాదస్తులు, నిజం కార్డులు అలా ఉండవు. సీరియల్ కన్సోల్ తప్పనిసరి, ఎర్లీకాన్ (బూట్ మొదట్లోనే మెసేజ్‌లు చూపించే కన్సోల్) లేకుండా దూకే దశలో ఏం జరిగిందో తెలుసుకోవడం దాదాపు అసాధ్యం.

చివరి ప్రశ్న, తెలియని ఆర్కిటెక్చర్ కోడ్ వస్తే రివ్యూడ్-బై (రివ్యూ చేశానని పేరుతో పెట్టే ట్యాగ్) పెట్టొచ్చా అని. సిరీస్ మొత్తానికి పెట్టకండి. ఆ ట్యాగ్‌కి కెర్నల్‌లో రాసిపెట్టిన అర్థం ఉంది, సాంకేతికంగా పరిశీలించాను, నాకు తెలిసి ఇది కెర్నల్‌లోకి వెళ్లడానికి తగినది అని మీ పేరు మీద చెప్తున్నట్టు. మీరు చూసిన ప్యాచ్‌లకి విడివిడిగా ఇవ్వండి, ఎస్390 అసెంబ్లీయో పవర్‌పీసీ పర్గటరీయో ఉంటే "మిగతావి చూశాను, ఇది ఆ ఆర్కిటెక్చర్ వాళ్లు చూడాలి" అని రాసి, ఆ మెయింటైనర్లని కాపీలో పెట్టండి. ఎవరూ చిన్నచూపు చూడరు, పైగా మెయింటైనర్లకి అలాంటి రివ్యూ మీదే నమ్మకం ఎక్కువ. సందేహం ఉంటే ప్రశ్నగానే అడగండి: "ఈ లైను నడిచేటప్పటికి ఆ డివైస్ ఆగిందని ఏది హామీ ఇస్తోంది?" రాసినవాళ్ల దగ్గర జవాబు ఉంటే ఒక్క వాక్యంలో చెప్తారు, ఆ వాక్యాన్ని కమిట్ మెసేజ్‌లో చేర్చమనండి. లేకపోతే తర్వాతి వెర్షన్ ప్యాచ్ వస్తుంది.

మీకు ఇప్పుడు వచ్చిన సిరీస్ ఏ దశదో, ఏ ఆర్కిటెక్చర్‌దో కింద రాయండి, ఆ ఫైల్‌లో నేను మామూలుగా ఏ ఫంక్షన్ల దగ్గర ఆగుతానో చెప్తాను.